పరుపు కింద కాగితాలు

డోరన్స్ క్రీక్‌లో తమకి చలేస్తోందని పెద్దవాళ్లు చచ్చినా ఒప్పుకోరు. కుళాయిలో నీళ్లు గడ్డకట్టి, బక్కెట్టు పట్టుకుని పక్కింటికి పరిగెత్తాల్సి వచ్చిన రోజున కూడా "ఇవాళ కాస్త చల్లగా ఉన్నట్టుంది కదూ" అని ఊరుకుంటారు. అంతకన్నా గట్టిగా ఎవరైనా అన్నారంటే వాళ్లు టాస్మానియాలో పుట్టలేదని అర్థం. ఏడాదిలో సగం రోజులు వాన, మిగతా సగం వాన వచ్చేట్టుంది అనుకోవడం, ఇదీ మా వాతావరణం. ఇళ్లన్నీ చెక్క ఇళ్లు. దిమ్మెల మీద నిలబెట్టినవి కాబట్టి గాలి గోడల్లోంచే కాదు, నేల కిందనుంచి కూడా పలకరించి పోతుంది.

అలాంటి ఊళ్లో డల్సీ హాడ్జెట్స్‌కి ఒక పేరుంది. ఆమె ఇంట్లో చలేసిందన్నవాడు ఇంతవరకూ లేడు. ఆ పేరంటే ఆమెకి ప్రాణం.

డల్సీకి డెబ్భై మూడేళ్లు. పొట్టి మనిషి, నోరు మాత్రం పొడుగు. ఇక్కడ చలి మొదలయ్యే ఏప్రిల్‌లో నెత్తిన పెట్టిన ఉన్ని టోపీ నవంబరు దాకా తీయదు. మనవరాలు ఈడీ చాలా కాలం అదే అమ్మమ్మ జుట్టు అనుకుంది. డల్సీ పుట్టింది కొండల మీద ఆనకట్ట పనివాళ్ల గుడిసెల్లో. వాళ్ల నాన్న కాంక్రీటు పోసేవాడు, వాళ్లమ్మ నలుగురు పిల్లల్ని ఒకే మంచం మీద వరసగా పేర్చి, మీద బొంత కప్పి, చివర ఉన్నవాడు కింద పడకుండా కుర్చీ అడ్డం పెట్టేది. ఆ బొంతను ఇక్కడివాళ్లు వాగ్గా అంటారు. ఖాళీ పిండి బస్తాలు విప్పి, మధ్యలో చిరిగిన స్వెట్టర్లూ, పాత కోట్లూ, ఏ ఉన్ని ముక్క దొరికితే ఆ ముక్క పరిచి, దబ్బనంతో కుట్టేస్తారు. చూడ్డానికి దిష్టిబొమ్మ ఒంటిమీది గుడ్డలా ఉంటుంది. దాని కింద దూరినవాడు మాత్రం పొద్దున లేవనని మొరాయిస్తాడు.

పెళ్లయ్యాక డల్సీ మొగుడు ఆర్చ్‌తో ఈ ఊరొచ్చింది. ఆర్చ్ గని రైలు మీద పనిచేసేవాడు. జీతం అంతంతమాత్రం, ఇల్లు జల్లెడ. అప్పుడే ఆమె ఒక నిర్ణయానికొచ్చింది. ఇంటిని వెచ్చబెట్టడం తమ వల్ల కాదు, మనిషిని వెచ్చబెట్టుకుంటే చాలు. చలికాలం రాగానే అన్ని గదులూ మూసేసి కాపురం వంటింట్లోకి మార్చేది. వంట అయిపోయాక పొయ్యికున్న ఓవెన్ తలుపు తెరిచి, దాని అంచున పాదాలు పెట్టుకుని ఇద్దరూ పేపరు చదువుకునేవాళ్లు. ఆర్చ్ డ్యూటీకి వెళ్లేటప్పుడు కోటు జేబుల్లో చెరొక కాల్చిన బంగాళాదుంప వేసేది. దారంతా చేతులు వెచ్చబెట్టి, మధ్యాహ్నం కడుపు నింపేవి. "మా ఆవిడ నాకు భోజనం పెట్టదు, తొడుగుతుంది" అని ఆర్చ్ తోటివాళ్లతో గొప్పలు పోయేవాడు. ఆర్చ్ పోయి ఎనిమిదేళ్లయింది. కరెంటు హీటరు కొనిపెడతానని కూతురు ఎన్నిసార్లు చెప్పినా డల్సీ ఒప్పుకోలేదు. ఆ ఎర్ర తీగలు డబ్బు తినే పురుగులని ఆమె నమ్మకం.

ఇక బడి సంగతి. మా ఊరి బడిలో పదిహేడుమంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. పెద్దపిల్లలకి గ్లెనిస్ చెబుతుంది, ఆమే హెడ్మిస్ట్రెస్. చిన్నపిల్లల టీచరు ఉద్యోగమే నిలవడం లేదు. రెండేళ్లలో ఇద్దరొచ్చి ఇద్దరూ పోయారు. రెండో ఆయనైతే వచ్చిన పదకొండో రోజున, సగం తాగిన టీ బల్లమీదే వదిలేసి, ఎవరూ లేవకముందే కారెక్కి ఉడాయించాడు. ఈసారి కూడా టీచరు నిలవకపోతే ఏడాది చివర బడి మూసేస్తామని పైనుంచి ఉత్తరం వచ్చింది. అప్పుడు పిల్లలు బస్సులో క్వీన్స్‌టౌన్ పోవాలి. ఆ దారిలో ఉన్నన్ని మలుపులు పేగుల్లో కూడా ఉండవు. డల్సీ మనవరాలు ఈడీ రెండో మలుపుకే ముఖం పాలిపోయి, నాలుగోదానికి తిన్నదంతా ఎవరో ఒకరి ఒళ్లో పోసేస్తుంది. ఏడేళ్ల పిల్ల, రోజుకి రెండుసార్లు ఆ నరకం. డల్సీకి ఆ ఊహే గుండెల్లో రాయిలా పడింది.

అందుకే గ్లెనిస్ వచ్చి, "డల్సీ, కొత్తమ్మాయి వస్తోంది. నీ ఇంట్లో గది ఇస్తావా? మూడు వారాలు చూసి, మూడో శుక్రవారం నాడు ఉంటానో పోతానో సంతకం పెట్టి చెబుతుందట" అనగానే డల్సీ నడుం బిగించింది.

"నువ్వు పాఠాల సంగతి చూసుకో. చలి సంగతి నాకొదిలెయ్. నా ఇంట్లో పడుకున్నవాళ్లు సంతకం పెట్టకపోవడమా?"

జులై చివర్లో కిర్రా వచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, ఎండకి కాగిన బుగ్గలు. టౌన్స్‌విల్ నుంచి వచ్చింది. అక్కడ నడి చలికాలంలో కూడా జనం పొట్టి నిక్కర్లతో తిరుగుతారు. ఆ అలవాటు కొద్దీ రబ్బరు చెప్పులతో దిగింది.

"మిసెస్ హాడ్జెట్స్, నా గది ఎటండీ?"

"మిసెస్ హాడ్జెట్స్ మా అత్తగారు, తల్లీ. ఆవిడ పోయి ముప్పై ఏళ్లయింది. నన్ను డల్సీ అను చాలు. ముందు ఆ చెప్పులు విసిరికొట్టి పొయ్యి దగ్గరకి రా. ఆ కాళ్లేమిటి, ఐసులో పెట్టిన చేపల్లా!"

గది అప్పటికే సిద్ధంగా ఉంది. కిటికీ అద్దాలకి బుడగల ప్లాస్టిక్కు తడిపి అతికించింది. తలుపు కింద సందుకి ఇసుక నింపిన గుడ్డపామును అడ్డం పెట్టింది. మంచం మీద రెండు వాగ్గాలు, వేడినీళ్ల రబ్బరు సంచి. ఇక ఆ గది నీదేనని చెప్పి బయటికొచ్చింది. అద్దెకిచ్చిన గది గడప దాటకూడదని డల్సీ నియమం. దుప్పటి సర్దడానికి కూడా లోపలికి పోదు.

పిల్ల బంగారం. సూప్ పోస్తే గిన్నె నాకినంత పనిచేసేది. వచ్చిన మర్నాటి నుంచి పొద్దున్నే ఒక గుప్పెడు పాత పేపర్లు తెచ్చి పొయ్యి పక్కన పెట్టడం మొదలుపెట్టింది.

"డల్సీ, ఇవి రాజేయడానికి పనికొస్తాయా?"

"పనికిరాకేం, బంగారు తల్లీ! ఈ రోజుల్లో పేపరు ఎక్కడ దొరుకుతోంది?"

బడినుంచి మోసుకొస్తోంది కాబోలని డల్సీ మురిసిపోయింది. గీకిన అగ్గిపుల్లకే భగ్గుమని అంటుకునే ఎండు కాగితాలు. పక్కింటి మెర్వ్‌ని కంచె దగ్గర నిలబెట్టి మరీ దెప్పింది.

"చూశావా, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల! ముప్పై ఏళ్లుగా పక్కనున్నావు, ఒక్క చితుకైనా తెచ్చిచ్చావా?"

"చితుకు తెస్తే దుంగలు కూడా కొట్టమంటావని భయం" అన్నాడు మెర్వ్.

అలా రెండు వారాలు గడిచాయి. మూడో వారం బుధవారం పొద్దున మెర్వ్ కంచె మీదికి వంగి, ముఖమంతా నవ్వు పులుముకుని పిలిచాడు.

"డల్సీ, మీ పంతులమ్మకి కారంటే అంత ప్రేమేంటి?"

"ఏమైంది?"

"రోజూ అయిదున్నరకి ఇంజను ఆన్ చేస్తుంది. ఎక్కడికీ పోదు. హీటరు పెట్టుకుని సీట్లోనే నిద్రపోతుంది. ఇంట్లో చలేస్తోందేమో, పాపం."

ఆ 'పాపం' దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగాడు. చెవుల కిందికి దిగిన టోపీతో పడుకునే డల్సీకి ఆ ఇంజను చప్పుడు ఒక్కరోజూ వినపడలేదు. ముఖం మీద ఎవరో చన్నీళ్లు కొట్టినట్టయింది. తన ఇంట్లో, తన కప్పు కింద, ఒక ఆడపిల్ల చలికి తట్టుకోలేక కారులోకి పారిపోతోంది! అదీ మెర్వ్ నోటంట వినాల్సి వచ్చింది.

కిర్రా టిఫినుకి రాగానే కూర్చోబెట్టి నిలదీసింది. "నిజం చెప్పు పిల్లా. రాత్రిళ్లు నిద్ర పడుతోందా?"

కిర్రా జావ గిన్నెను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. కళ్లకింద నల్లగా ఉంది. "మీరు చాలా చేస్తున్నారు డల్సీ. మీ తప్పేం లేదు. పిల్లలంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. కానీ రాత్రి రెండయ్యేసరికి వీపు మంచుగడ్డ అయిపోతుంది. నిద్ర లేకుండా పాఠాలు ఎలా చెప్పను? నిన్న ఈడీ పేరు మర్చిపోయి నాలుగుసార్లు 'నువ్వు, నువ్వు' అన్నాను. నేను ఈ ఊరికి సరిపోయే మనిషిని కాదేమో. శుక్రవారం గ్లెనిస్‌తో అదే చెబుదామనుకుంటున్నా."

డల్సీకి కోపం వచ్చింది. పిల్ల మీద కాదు, చలి మీద. ఆరోజే అటక మీదనుంచి ఇంకో మూడు వాగ్గాలు దింపి ఇచ్చింది. ఒకదాంట్లో ఆర్చ్ రైల్వే కోటు ఇత్తడి గుండీలతో సహా ఉంది. గురువారం పొద్దున కిర్రా మెడ పట్టేసి వచ్చింది.

"అయిదు గొర్రెలు నామీద పడుకున్నట్టుంది డల్సీ. అటూ ఇటూ కదల్లేకపోయా. అయినా వీపు మాత్రం..." అని ఆగిపోయి, పాపం, మళ్లీ ఒక గుప్పెడు పేపర్లు పొయ్యి పక్కన పెట్టింది. "ఇవే ఆఖరివి."

అవి పెట్టి బడికి పోయింది. డల్సీ చతికిలబడి కూర్చుంది. యాభై ఏళ్ల విద్య ఎక్కడ తప్పింది? మీద అయిదు బొంతలు, కాళ్ల దగ్గర వేడినీళ్లు, తలుపుకి పాము. ఇంకేం మిగిలింది? రేపు శుక్రవారం. ఈడీ ముఖం పాలిపోయి బస్సు మెట్టెక్కడం కళ్లకి కట్టింది.

మధ్యాహ్నానికి పొయ్యి చల్లారింది. రాజేద్దామని ఒక పేపరు తీసి ఉండచుట్టబోయి ఆగింది. ఆ పేజీలో ఆరుగురు మగవాళ్లు తాడు పట్టుకుని వెనక్కి వాలి ఉన్నారు. రైలు పనివాళ్ల తాడులాగుడు పోటీ. ఎడమనుంచి మూడోవాడు ఆర్చ్. నోరు తెరుచుకుని, చొక్కా గుండీ ఊడి, గెలిచే ముందు క్షణంలో ఉన్నాడు.

ఆ పేపరు డల్సీకి బాగా తెలుసు. పారేయడానికి మనసొప్పక, ఆ మంచం మీద పరుపు కింద తన చేత్తో తానే పరిచింది. దానితోపాటు నాలుగు వేళ్ల మందాన పేపర్లు, వాటిమీద ఒక పాత వాగ్గా, ఆపైన పరుపు. కింద తీగల మంచం, దాని కింద పలకల నేల, దానికింద గాలి. కిందనుంచి వచ్చే చలిని ఆపకుండా మీద ఎన్ని కప్పితే ఏం లాభం? మా ఊళ్లో పుట్టినవాడెవడికీ ఇది చెప్పక్కర్లేదు. చెప్పక్కర్లేదు కాబట్టే డల్సీ చెప్పలేదు.

పదిహేను రోజులుగా ఆ పిల్ల వీపు కిందున్న వెచ్చదనాన్ని బంగారు తల్లీ అని దీవిస్తూ తానే పొయ్యిలో పెట్టి తగలేసింది!

డల్సీ పేపరు చేత్తో పట్టుకుని, ఇంట్లో తొడుక్కునే ఉన్ని జోళ్లతోనే వానలోకి పరిగెత్తింది. బడి తలుపు నెట్టుకుని లోపలికి పోయింది. చిన్నపిల్లలు ఎనిమిదిమంది, బోర్డు దగ్గర కిర్రా.

"పరుపు కింద పేపర్లు తీసేశావా?"

కిర్రా ముఖం కందిపోయింది. "అది... మొదటి రాత్రి పక్కమీద కదిలినప్పుడల్లా గరగరమని చప్పుడొచ్చింది. తీసి చూస్తే అన్నీ పాత పేపర్లు. మీరు ఎప్పుడో పెట్టి మర్చిపోయారనుకున్నా. అడిగితే నొచ్చుకుంటారని అడగలేదు. పాత బొంత కూడా ఉంది, మడిచి బీరువాలో పెట్టాను."

ముందు ఈడీ నవ్వడం మొదలుపెట్టింది, ఆపైన ఎవరికీ నవ్వు ఆగలేదు.

"టీచర్, అవి చెత్త కాదు! పక్క!"

"మా ఇంట్లో అట్టపెట్టెలు పెడతాం టీచర్!"

"మా తాత పాత తివాచీ ముక్క వేసుకుంటాడు!"

"టీచర్‌కి మంచం వేసుకోవడం రాదు!"

కిర్రా సుద్దముక్క పట్టుకున్న చేత్తోనే ముఖం కప్పుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందేమోనని డల్సీ బెదిరింది. చేయి తీసేసరికి నవ్వుతోంది, కళ్లలో నీళ్లొచ్చేట్టు నవ్వుతోంది.

"మీరు రోజూ అంత సంతోషంగా వాటిని కాలుస్తుంటే, పోన్లే, ఒక సాయం చేస్తున్నా అనుకున్నాను డల్సీ!"

"సాయమా! ఇద్దరం కలిసి నీ వీపుని తగలెట్టాం తల్లీ, తగలెట్టీ వెచ్చబెట్టలేకపోయాం!"

నవ్వులు సద్దుమణిగాక అసలు చిక్కు బయటపడింది. ఇప్పుడు పేపర్లేవి? ఊళ్లో పేపరు రావడం ఎప్పుడో మానేసింది. అందరూ ఫోన్లలోనే చదువుతున్నారు, ఫోన్లు పరుచుకుని పడుకోలేరు కదా. కొట్లో అట్టపెట్టెలు కూడా మొన్ననే చెత్తబండిలో పోయాయి. ఇక మిగిలిన పేపర్లన్నీ ఊరి జనం పరుపుల కిందే ఉన్నాయి.

డల్సీ ఎవరినీ చేయి చాచి అడిగిన మనిషి కాదు. ఆరోజు ఇల్లిల్లూ తిరగడానికి బయల్దేరింది. ముందుగా మెర్వ్ తలుపే కొట్టింది, ఎందుకంటే అదే అన్నిటికన్నా కష్టం.

"మెర్వ్, నీ పరుపు కింద పేపర్లు సగం కావాలి."

విషయం విన్నాక మెర్వ్ తలుపుకి ఆనుకుని పొట్ట పట్టుకున్నాడు. "అంటే నువ్వు, డల్సీ హాడ్జెట్స్, పేపర్లు కాల్చేసి..."

"నవ్వు, బాగా నవ్వు. నవ్వడం అయ్యాక పరుపు ఎత్తు."

"గుర్రప్పందేల పేజీలు ఉన్నాయే అందులో. గెలిచినవి."

"నువ్వెప్పుడు గెలిచావు?"

మెర్వ్ లోపలికి పోయి, సగం కాదు, మొత్తం తెచ్చి చేతుల్లో పెట్టాడు. "నాకు కొవ్వుంది, కిందనుంచి చలి ఎక్కదు. పిల్ల బక్కది" అన్నాడు. డల్సీకి ఆ మనిషిని ఒక్కసారి కావలించుకుందామనిపించింది కానీ, మళ్లీ ముప్పై ఏళ్లు దాన్ని చెప్పుకుని తిరుగుతాడని ఊరుకుంది.

ఆ తర్వాత అడగనే అక్కర్లేకపోయింది. బడి వదిలాక పిల్లలు ఇంటికిపోయి, తమ తమ మంచాల కిందనుంచి ఒక్కో పొర లాక్కొచ్చారు. వాన తగలకుండా కోట్ల లోపల దాచుకుని, పొట్టలు ఉబ్బించుకుని వరసగా డల్సీ వంటింట్లోకి వచ్చారు. ఈడీ తన పరుపు కిందివన్నీ తెచ్చేసింది. "నేను అమ్మ దగ్గర పడుకుంటా" అంది. ఆ పేపర్ల గుట్టను చూడగానే ఊరంతా తన తన వీపు కిందనుంచి ఒక పొర తీసి ఇచ్చిందని కిర్రాకి తెలిసింది. ముక్కు తుడుచుకుని, "పదండి, ఎలా పరవాలో నేర్పండి" అంది.

ఆ సాయంత్రం డల్సీ మొదటిసారి తన నియమం తప్పి ఆ గది గడప దాటింది. తీగల మీద పేపర్లు, అంచులు ఒకదానిమీదొకటి ఎక్కేట్టు. ఆపైన పాత వాగ్గా. ఆపైన పరుపు. మీదికి రెండే రెండు వాగ్గాలు. ఆర్చ్ ఫోటో ఉన్న పేజీ సరిగ్గా మధ్యలో పడింది. "గరగరమంటే భయపడకు. ఆ చప్పుడు వినపడుతుంటే అన్నీ ఉన్నట్టు" అని చెప్పి, దీపం ఆర్పి వచ్చేసింది.

శుక్రవారం పొద్దున డల్సీ టోపీ చెవుల పైకి మడిచి మరీ వింది. అయిదున్నరకి ఇంజను చప్పుడు లేదు. ఆరింటికీ లేదు. వాకిట్లో కారు అద్దం మీద మంచు చెక్కుచెదరలేదు. ఏడయింది, ఎనిమిదయింది. బల్లమీద గిన్నెలో జావ అట్టకట్టింది. లేపుదామా అని నాలుగుసార్లు గది దాకా వెళ్లి, లేపబుద్ధి కాక తిరిగొచ్చింది.

తొమ్మిదింటికి వాకిట్లో అడుగుల చప్పుడు. గ్లెనిస్, చేతిలో ఆ కాగితం. వెనక పదిహేడుమంది పిల్లలు, వాళ్ల వెనక ఏమీ ఎరగనట్టు మెర్వ్.

"డల్సీ, టీచరు రాలేదు" అంది గ్లెనిస్. "వెళ్లిపోయిందా?"

"కారు అక్కడే ఉంది కదే, కళ్లు కనపడవా? మెల్లిగా మాట్లాడు."

అయినా డల్సీ మెల్లిగా వెళ్లి గది తలుపు బెత్తెడు తెరిచింది. లోపల వాగ్గాల గుట్ట. ఆ గుట్ట చివర్న ఒక ముక్కు, కాస్త జుట్టు. హాయిగా, లయగా, చిన్న గురక.

పిల్లలు నోళ్లు మూసుకున్నా నవ్వు దాగలేదు. ముక్కు కదిలింది. ఒక కన్ను తెరుచుకుంది.

"టైమెంత?"

"తొమ్మిదీ పది" అన్నారు పదిహేడుమందీ ఒక్క గొంతుతో.

కిర్రా అదిరిపడి లేవబోయింది. వాగ్గా భుజం దాకా జారగానే చలి తగిలి "అమ్మో" అని మళ్లీ గడ్డం దాకా లాక్కుంది. గ్లెనిస్ చేతిలోని కాగితం చూసింది. తర్వాత గుమ్మంలో ఒకరిమీదొకరు ఎక్కి తొంగిచూస్తున్న ముఖాలన్నీ చూసింది.

"గ్లెనిస్, ఆ సంతకం ఇప్పుడే పెట్టాలా?"

"ఇవాళే పెట్టాలి. ఉంటావో... పోతావో" అంది గ్లెనిస్.

"అయితే పెన్నూ కాగితమూ ఇలా లోపలికి తొయ్యి. నా చెయ్యి మాత్రం బయటికి రాదు."

గ్లెనిస్ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని కాగితం వాగ్గా కిందికి తోసింది. గుట్ట కాసేపు అటూ ఇటూ కదిలింది. కాగితం ముడతలు పడి, వెచ్చగా బయటికొచ్చింది. వంకరటింకరగా, గీత దాటి, పేరు సగం పైకి పోయి ఉంది. అయినా అది కిర్రా సంతకమే, ఏడాది ఉంటానని.

ఈడీ గట్టిగా అరిచింది. మెర్వ్ దగ్గినట్టు నటించి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. డల్సీ మాత్రం అందరినీ చేతులతో వెనక్కి తోలి, తలుపు దగ్గరికి వేసింది.

"పదండి పదండి, వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చోండి. అందరికీ జావ పోస్తాను. బడి ఇవాళ పదింటికి."

"ఎందుకు అమ్మమ్మా?"

"ఎందుకేమిటి? మీ టీచరు మూడు వారాల నిద్ర బాకీ ఉంది. ఇంకాసేపు పడుకోనీండి."